నల్లబల్ల మీద గీసిన లోయలో నాలుగు రోజులు

ఇరవై ఎనిమిదేళ్ళు హైదరాబాదు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. భూస్వరూపాల పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద పక్కపక్కన రెండు బొమ్మలు గీసేదాన్ని. నది కోసిన లోయ ‘వి’ ఆకారంలో ఉంటుంది, హిమానీనదం (నెమ్మదిగా జారే మంచు నది) దొలిచిన లోయ ‘యు’ ఆకారంలో ఉంటుంది. నది కోత గురించి చెప్పేటప్పుడు పాపికొండలు, గండికోట పేర్లెత్తితే పిల్లల కళ్ళలో వెలుగు కనిపించేది. హిమానీనదాన్ని మాత్రం వాళ్ళూ చూడలేదు, నేనూ చూడలేదు. ఉద్యోగ విరమణ తరువాత మావారితో కలిసి 2025 జూన్‌లో స్విట్జర్లాండులోని బెర్న్ ప్రాంతపు కొండల్లోకి వెళ్ళి, ఆ రెండు బొమ్మల్లోనూ నా కాళ్ళతో నడిచి వచ్చాను. మల్కాజిగిరిలో ఇల్లు చేరి వారమైంది. బూట్లకంటిన తెల్లటి సన్నమట్టి పూర్తిగా వదలకముందే ఇది రాయాలని కూర్చున్నాను.

జూన్ 16, సోమవారం: లౌటర్‌బ్రున్నెన్

స్టేషను నుంచి ఊరి వీధిలోకి తిరిగిన వెంటనే నా కాళ్ళు ఆగిపోయాయి. లోయకు రెండు వైపులా ఉన్నవాటిని కొండలనడానికి మనసొప్పలేదు, అవి గోడలు. వాలు అన్నది లేకుండా నిట్టనిలువుగా లేచిన బూడిదరంగు సున్నపురాతి గోడల మధ్య, కిలోమీటరు వెడల్పయినా ఉండని పచ్చిక మైదానంలో, చెక్క ఇళ్ళూ చర్చీ ఆవులూ ఉన్నాయి. ఆ గోడలలో ఒకదాని అంచు నుంచి 297 మీటర్ల ఎత్తున ష్టౌబ్‌బాఖ్ జలపాతం దూకుతోంది. ‘ష్టౌబ్’ అంటే వాళ్ళ భాషలో ధూళి. ఆ పేరు ఎందుకు పెట్టారో చూసిన నిమిషానికే తెలుస్తుంది. పైన ధారగా బయలుదేరిన నీరు సగం దూరం వచ్చేసరికి విడిపోయి, చాటలో బియ్యం చెరుగుతున్నప్పుడు గాలికి ఎగిరే తవుడులా పక్కకు కొట్టుకుపోతుంది. కింద నిలబడితే నీరు పడుతున్నట్టు ఉండదు, మొహం మీద తడి గాలి ఆనినట్టు ఉంటుంది.

నేను పాఠంలో ‘వ్రేలాడే లోయ’ అని చెప్పినది ఇదే. పెద్ద హిమానీనదం ప్రధాన లోయను లోతుగా దొలుచుకుపోతుంటే, పక్క నుంచి వచ్చి కలిసే చిన్న హిమానీనదానికి అంత బలం చాలక, దాని లోయ పైనే ఆగిపోతుంది. మంచు కరిగిపోయాక ఆ పక్క లోయ నోరు గాలిలో తెరుచుకుని మిగులుతుంది, అందులోని వాగుకు దూకడం తప్ప దారి ఉండదు. ఈ లోయలో అటువంటి జలపాతాలు 72 ఉన్నాయని ఊరివాళ్ళు చెప్పుకుంటారు.

అయితే నా బొమ్మలో ఒక పొరపాటు ఉండేదని ఆ సాయంత్రమే తెలిసింది. నేను ‘యు’ అక్షరాన్ని గుండ్రటి అడుగుతో గీసేదాన్ని. ఇక్కడ అడుగు గుండ్రంగా లేదు, పళ్ళెంలా చదునుగా ఉంది. మంచు దొలిచిన గుండ్రటి అడుగు లోపలెక్కడో ఉంది. హిమయుగం ముగిసిన తరువాత వేల సంవత్సరాలుగా నదీ వాగులూ తెచ్చి పోసిన రాళ్ళూ ఇసుకా మట్టీ దాన్ని పూడ్చి చదును చేశాయి. ఆ పూడిక మీదే ఇళ్ళు కట్టారు, గడ్డి పెంచారు. అంటే ఈ లోయలో మంచు చేసిన పని గోడలలో కనిపిస్తుంది, నీరు చేసిన పని కాళ్ళ కింద ఉంటుంది. ఇన్నేళ్ళు పిల్లలకు సగం బొమ్మే చూపించానని తెలిసి మనసుకు బాధ కలిగింది.

మేము దిగిన ఇంటి యజమానురాలికి డెబ్బై ఏళ్ళు ఉంటాయి. జ్యూరిక్‌లో నేర్చుకున్న ‘గ్రూయెత్సి’ అనే పలకరింపును నేను శ్రద్ధగా పలికితే, ఆవిడ నవ్వి, బెర్న్ వైపు ‘గ్రూసెఖ్’ అనాలని రెండుసార్లు పలికించింది. ఈ దేశంలో దారిలో ఎదురైన అపరిచితులను పలకరించకుండా దాటిపోవడం మర్యాద కాదు. పట్టణాలలో ఈ అలవాటు తగ్గినా కొండదారుల్లో ఇంకా గట్టిగా ఉంది. నాలుగు రోజుల్లో ఆ మాటను కొన్ని వందల సార్లు అని ఉంటాను.

రాత్రి భోజనానికి రోష్టి తిన్నాము. ఉడికించిన బంగాళాదుంపను తురిమి, వెన్నలో పలచగా పరిచి, అట్టులా అడుగు ఎర్రబడేదాకా కాల్చి, పైన జున్ను కరిగించి పెడతారు. ఒక పళ్ళెం 24 ఫ్రాంకులు. అప్పట్లో ఫ్రాంకు దాదాపు 105 రూపాయలు కాబట్టి ఒక దుంపల అట్టుకు రెండున్నర వేలు. మావారు లెక్క కట్టబోతుంటే, “ఇక్కడున్నన్నాళ్ళూ రూపాయల్లోకి మార్చకండి, ముద్ద దిగదు” అన్నాను. మరునాటి నుంచి రోజుకు ఒక పూట మాత్రమే బయట తిని, మిగిలిన పూటలు గదిలోని చిన్న వంటగదిలో అన్నం వండుకుని, వెంట తెచ్చుకున్న కందిపొడి, ఆవకాయలతో గడిపాము. తాగేనీరు ఎక్కడా కొనలేదు. వీధి మలుపుల్లో దుంగను దొలిచి చేసిన తొట్లలోకి సన్నటి గొట్టం నుంచి కొండ నీరు పడుతూ ఉంటుంది, తాగకూడదని రాసి లేకపోతే సీసా నింపుకోవచ్చు.

మా కిటికీ కింద వైస్సె ల్యూట్షినె నది. ‘వైస్సె’ అంటే తెల్లని. హిమానీనదం రాతిని రాతితో నూరినప్పుడు పుట్టే పిండి నీటిలో కలిసి దానికి ఆ పాల రంగు తెస్తుంది. రాత్రి పది గంటలకు ఆ నది హోరు పెరిగిందని నాకు అనిపించి, చెవి భ్రమ కాబోలనుకుని పడుకున్నాను.

జూన్ 17, మంగళవారం: ట్రుమ్మెల్‌బాఖ్

తెల్లవారి ఆరింటికి కిటికీ తీస్తే నది నెమ్మదించి ఉంది. నిన్న సాయంత్రం నీటిలో కనిపించని ఒక గుండు, ఏనుగు వీపులా బయటపడి ఉంది. యజమానురాలిని అడిగితే, అది భ్రమ కాదని, వేసవిలో రోజూ ఇలాగే ఉంటుందని చెప్పింది. పగటి ఎండకు పైన మంచు కరుగుతుంది, ఆ నీరు ఇక్కడికి చేరేసరికి సాయంత్రమవుతుంది, రాత్రి పైన చలికి కరగడం తగ్గితే తెల్లవారేసరికి నది తీస్తుంది. ఆ గుండును నాకు గడియారంగా పెట్టుకున్నాను. మిగిలిన రెండు రోజులూ పొద్దున కనిపించింది, రాత్రికి మునిగింది.

ఊరి నుంచి నది ఒడ్డున మూడు కిలోమీటర్లు నడిస్తే ట్రుమ్మెల్‌బాఖ్. దారి చదునుగా ఉంది కాబట్టి మావారి మోకాలు పేచీ పెట్టలేదు. ఇక్కడి పసుపుపచ్చ దారిపలకల మీద దూరం రాయరు, నడవడానికి పట్టే సమయం రాస్తారు. అరవై దాటిన మాకు ఆ సమయానికి సగం మళ్ళీ కలుపుకుంటే సరిపోయింది. దారి మధ్యలో ఒక రైతు కొట్టం గోడకు చిన్న ఫ్రిజ్ ఉంది. లోపల జున్ను ముక్కలు, ప్రతిదాని మీదా చేతిరాతతో బరువూ ధరా, పక్కన డబ్బులు వేసే రేకు డబ్బా. మనిషి ఎవరూ లేరు. ఎనిమిది ఫ్రాంకుల ముక్క ఒకటి తీసుకుని, పది ఫ్రాంకుల నోటు వేసి, డబ్బాలోంచి రెండు ఫ్రాంకుల నాణెం వెనక్కి తీసుకోవడానికి మావారు చాలాసేపు సంకోచించారు. చివరకు తీసుకోకుండానే వచ్చేశారు.

ట్రుమ్మెల్‌బాఖ్ బయటికి కనిపించే జలపాతం కాదు. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల హిమానీనదాల నీరు ఒక్క వాగుగా చేరి, కొండ గోడ లోపల పది మెట్లుగా దూకుతూ దిగుతుంది. రాతిలోనే తొలిచిన మార్గంలో లిఫ్టు ఎక్కి, పై నుంచి మెట్ల వెంట కిందికి నడవాలి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే చలి, ఆ వెంటనే శబ్దం. ఆ శబ్దాన్ని చెవులకంటే ముందు పాదాలు విన్నాయి. చేయి ఆనించిన ఇనుప కమ్మీ సన్నగా వణుకుతోంది. పక్కన నిలబడిన మావారు ఏదో అంటున్నారని పెదవులు చూసి తెలుసుకోవలసి వచ్చింది.

వంగి చూస్తే, రాతి గోడ రెండుగా చీలిన ఇరుకు సందులో నీరు నేరుగా కిందికి పడడం లేదు. ఒక గోడను కొట్టి, మెలి తిరిగి, ఎదుటి గోడను కొట్టి, సుడిగా లోపలికి పోతోంది. అది తాకే చోటల్లా గోడ గుండ్రంగా, నున్నగా, గిన్నె లోపలి భాగంలా అరిగి ఉంది. నీరొక్కటే రాతిని ఇంత నున్నగా చేయలేదు. సుడిలో చిక్కిన రాళ్ళు అక్కడికక్కడే తిరుగుతూ, రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు తిరిగి తిరిగి రాతిని తొలుస్తాయి, తామూ అరిగి చిన్నవై కొట్టుకుపోతాయి. మా అమ్మ రోలు లోపలి గుంటను వేళ్ళతో తడిమినప్పటి నునుపు గుర్తుకొచ్చి, మెట్ల పక్కన అందుబాటులో ఉన్న ఒక పాత గుంటలో చేయి పెట్టి చూశాను. అదే నునుపు, మంచులా చల్లగా.

నీరు ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 20,000 లీటర్ల వరకూ ఈ సందులోంచి పోతుంది. మా వీధిలో ఎండాకాలం తెప్పించుకునే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు, సెకనుకొకసారి. ఈ వాగు ఏటా మోసుకొచ్చే రాళ్ళూ కంకరా 20,000 టన్నులకు పైమాటే. పాఠంలో నేను ఎప్పుడూ ‘హిమానీనదాలు ఈ లోయలను ఏర్పరచాయి’ అని, జరిగిపోయిన పనిగా చెప్పేదాన్ని. ఆ పది మెట్ల దగ్గర నిలబడిన గంటన్నరలోనే ఎన్ని టన్నుల కొండ నా కళ్ళ ముందు నుంచి తరలిపోయిందో! పరీక్ష పేపరు దిద్దినట్టు ఆ క్రియాపదాన్ని ఇప్పుడు దిద్దుకున్నాను.

బయట బల్ల మీద కూర్చుని జున్ను, రొట్టె, ఆవకాయ తిన్నాము. ఆ జున్ను గట్టిగా, కొంచెం ఉప్పగా, నమిలిన కొద్దీ గడ్డి వాసన ఇస్తూ ఉంది. ఆవకాయతో బాగా కలిసింది.

జూన్ 18, బుధవారం: ట్రాఖ్సెల్‌లౌవెనెన్ దారి

లోయ చివరి ఊరు ష్టెఖెల్‌బెర్గ్. అక్కడితో తారు రోడ్డు ఆగిపోతుంది, గోడలు దగ్గరపడతాయి, దారి అడవిలోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి ట్రాఖ్సెల్‌లౌవెనెన్‌కు దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తు. మేము రెండు గంటలు తీసుకున్నాము. నది ఇక్కడ బండల మధ్య ఎగిరెగిరి పడే పిల్ల నది. పూర్వం ఈ పక్కన సీసపు ఖనిజం తవ్వి కరిగించేవారట, ఆ కొలిమి శిథిలాలు నాచు పట్టి ఇంకా ఉన్నాయి.

మధ్యాహ్నం అక్కడి చెక్క భోజనశాలలో మాకరోనీ, బంగాళాదుంప, జున్ను, మీగడ కలిపి వండి పైన వేయించిన ఉల్లిపాయ చల్లిన పశువుల కాపరుల వంటకం పెట్టారు. పక్కన ఉడికించి మెదిపిన ఆపిల్ గుజ్జు. ఉప్పటిదానితో తియ్యటిది నంజుకోవడం మావారికి మొదట నచ్చలేదు కాని, పళ్ళెం ఖాళీ చేశారు. బల్లలు తక్కువ. ఖాళీ కుర్చీ ఉంటే అడిగి కూర్చోవడం ఇక్కడి పద్ధతి. అలా మా బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్న అరవై ఏళ్ళాయన పొద్దున నుంచి ఏటవాలు మీద కొడవలితో గడ్డి కోసి వచ్చాడు. పిడికిట్లో పట్టనంత లావు మణికట్లు, ఎండకు కందిన మెడ. యంత్రం ఎక్కలేని వాలులో ఇంకా పొడుగు కర్ర కొడవలితోనే కోస్తారట.

మాటల్లో నేను అవతలి వైపు సంగతి అడిగాను. ఈ లోయ వెనుక కనిపించే మంచు శిఖరాలకు ఆవల లోట్షెంటాల్ అనే లోయ ఉంది. మేము వెళ్ళడానికి మూడు వారాల ముందు, మే 28న, అక్కడ కొండచరియల బరువుకు బిర్ఖ్ హిమానీనదం తెగిపడి, బ్లాటెన్ అనే ఊరిని దాదాపు మొత్తంగా పూడ్చివేసింది. అంతకు తొమ్మిది రోజుల ముందే మూడు వందల మందిని ఖాళీ చేయించడం వల్ల ప్రాణాలు దక్కాయి, ఒక మనిషి ఆచూకీ మాత్రం అప్పటికి తెలియలేదు. ఆ శిథిలాలు నదికి అడ్డుపడి, నిలిచిన నీరు మిగిలిన ఇళ్ళను ముంచింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చెంచా కింద పెట్టి, చేత్తో పై కొండను చూపించి, “మేము ఇప్పుడు ప్రతి శబ్దానికీ తలెత్తి చూస్తున్నాము” అని మాత్రం ఇంగ్లీషులో అన్నాడు. తరువాత మేము మాట మార్చాము. కిందికి దిగుతూ ఎక్కడో రాయి దొర్లిన చప్పుడు వినిపిస్తే మేము కూడా తలెత్తి చూశాము.

జూన్ 19, గురువారం: ఆరే గండి, కిర్ఖెట్ గుట్ట

మైరింగెన్ దగ్గర ఆరే నది లోయకు అడ్డంగా కిర్ఖెట్ అనే సున్నపురాతి గుట్ట ఉంది. వెనుకా ముందూ ఉన్న లోయను హిమానీనదం విశాలంగా దొలిచింది కాని, ఈ గట్టి రాయిని పూర్తిగా అరగదీయలేకపోయింది. నీరు మాత్రం వదలలేదు. మంచు అడుగున పీడనంతో పారిన నీరూ, తరువాత నదీ కలిసి గుట్టను ఒక చివర నుంచి మరో చివరకు కోసివేశాయి. ఆ కోత పొడవు 1,400 మీటర్లు, లోతు 200 మీటర్ల వరకు, అత్యంత ఇరుకైన చోట వెడల్పు మీటరు. 1888 నుంచి మనుషులు ఇందులో నడుస్తున్నారు. రాతికి దిగ్గొట్టిన ఇనుప కమ్మీల మీద చెక్క పలకలు పరిచిన వంతెన అది. పలకల సందుల్లోంచి అడుగున ఆకుపచ్చటి పాలలాంటి నీరు కనిపిస్తుంది.

మొన్నటి నీరు అరిచింది, ఈ నీరు అరవడం లేదు. ఇరుకులో లోతుగా, బరువుగా, గోడలను ఒరుసుకుంటూ పోతోంది. తలెత్తితే ఆకాశం నీలి దారంలా ఉంది. చేతులు చాపితే రెండు గోడలూ అందిన చోట నేను కాసేపు అలాగే నిలబడ్డాను. కుడి అరచేతి కింద తడి, ఎడమ అరచేతి కింద నాచు. ఒకప్పుడు ఇవి ఒకే రాయి.

అక్కడే విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు ఎదురయ్యారు. పలకల దారి ఇరుకు. టీచరు ఒక్క మాట అనగానే ఇరవై మందీ గోడకు ఆనుకుని వరుసగా నిలబడి మాకు దారి ఇచ్చారు, ప్రతి ఒక్కరూ పలకరించారు. నేను కూడా టీచరునని చెబితే ఆమె ఆగింది. బ్లాటెన్ సంగతి పిల్లలు రోజూ అడుగుతున్నారని, నీరంటే భయం కలగకుండా, అలుసూ కలగకుండా ఎలా చెప్పాలో తనకు తేలడం లేదని అంది. మీ ఊళ్ళో నది గురించి ఏం చెబుతారని అడిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది పోయారని, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కినవాళ్ళు నూట యాభై మందికి పైగా బతికారని, ఆ తరువాతే పైన గండిపేట చెరువు కట్టారని చెప్పాను. నేను ఆరో తరగతి పిల్లలను ఆ చెట్టు దగ్గరకే తీసుకెళ్ళి పాఠం చెప్పేదాన్ననీ, చెట్టును తాకనిచ్చిన పిల్లలు వరద తేదీ మరిచిపోలేదనీ చెబితే, ఆమె వెనక్కి తిరిగి పిల్లలకు వాళ్ళ భాషలో అదంతా వినిపించింది. ఒక అబ్బాయి చేయెత్తి ఏదో అడిగాడు. ఆ చెట్టు ఇంకా ఉందా అని. ఉందన్నాను. ముఖమంతా సంతోషం.

గండి తూర్పు చివర బయటపడి, బండి ఎక్కకుండా గుట్ట మీదుగా మైరింగెన్ చేరదామని బయలుదేరాము. ఒక మలుపులో పలకను సరిగా చదవక, ఇన్నెర్ట్‌కిర్ఖెన్ వైపు దిగే దారి పట్టాము. ఇరవై నిమిషాలు దిగాక పెరట్లో లెట్యూస్ మళ్ళకు నీళ్ళు పెడుతున్న ముసలావిడను అడిగితే, చేత్తో చూపి ఊరుకోలేదు. గొట్టం కట్టేసి, చేతులు తుడుచుకుని, మావారి మోకాలిని చూసి నడక తగ్గించుకుంటూ, చీలిక దాకా మాతో ఎక్కి వచ్చి దారి కలిపింది. డబ్బు కాదు కదా, ఒక చాక్లెట్ కూడా తీసుకోలేదు. చివరకు నేను సంచిలోంచి చిన్న కందిపొడి పొట్లం ఇస్తే మాత్రం వాసన చూసి, ఎలా తినాలో అడిగి పుచ్చుకుంది. వెన్న రాసిన దుంప మీద చల్లుకోమన్నాను.

గుట్ట పైన బీచ్ జాతి చెట్ల మధ్య దారి పక్కన ఒక పెద్ద గుండు. పొద్దుటి నుంచి చూస్తున్న బూడిదరంగు సున్నపురాయి కాదది. గరుకుగా, నలుపూ తెలుపూ చుక్కలతో, పగిలిన చోట అభ్రకం మెరుస్తూ ఉంది. అరచేయి ఆనించగానే తెలిసిపోయింది, గ్రానైటు. ఈ గుట్టలో గ్రానైటు పుట్టదు. ఎగువన గ్రిమ్సెల్ కొండల నుంచి హిమానీనదం వీపున మోసుకొచ్చి, కరిగిపోతూ ఇక్కడ దింపిపోయింది. దీని వయసు దాదాపు 30 కోట్ల సంవత్సరాలు. మా మౌలాలి గుట్ట రాళ్ళవి 250 కోట్ల దాకా. మన రాళ్ళను ఎవరూ మోసుకురాలేదు, పుట్టిన చోటే ఎండకూ వానకూ పొరలు విడిచి గుండ్లయ్యాయి. రెండు రాళ్ళూ చేతికి మాత్రం ఒకలాగే తగులుతాయి.

మావారు మోకాలు చాపి ఆ గుండుకు ఆనుకుని కూర్చున్నారు. “చిన్నప్పుడు మౌలాలి ఎక్కి కూర్చుంటే వీపుకు ఇలాగే గుచ్చుకునేది” అన్నారు. పొద్దున చేసి తెచ్చిన పులిహోర డబ్బా ఆ రాతి మీదే తెరిచాము. అంత ఎత్తున, చెట్ల ఆకులు కదలని ఆ మధ్యాహ్నం, కింద గండిలో నది పోతున్న చప్పుడు రాతిలోంచి వస్తున్నట్టుగా, చెవి ఆనిస్తే వినబడుతుందేమో అన్నట్టుగా ఉంది. ఆనించి చూశాను. తిని లేచి, పసుపు పలకను ఈసారి ఇద్దరమూ బిగ్గరగా చదివి, మైరింగెన్ దారి పట్టాము.